తెలుగు డేటాబేస్‌లో ఎన్‌కోడింగ్, కొలేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు రైస్ మిల్లులకు, బళ్లకు, రొయ్యల హేచరీలకు, ఫైనాన్స్ ఆఫీసులకు చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల దగ్గర నుంచి ఏడాది పొడవునా ఇవే సందేహాలు వస్తుంటాయి. పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయనీ, వెతికితే దొరకడం లేదనీ, జాబితా వరస తప్పిందనీ అడుగుతుంటారు. వీటిలో సగం ఎన్‌కోడింగ్ తప్పులు, మిగతా సగం కొలేషన్ తప్పులు. ఏది ఏదో తెలియక రెండింటినీ కలిపి కెలికితే బాగున్న డేటా కూడా పాడవుతుంది. అందుకే ఆ సందేహాలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఆజ్ఞల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో రాశాను, కీబోర్డు మీద ఇంగ్లిష్‌లోనే కొట్టండి.

## మొదలుపెట్టే ముందు

క్యారెక్టర్ సెట్, ఎన్‌కోడింగ్, కొలేషన్... మూడూ ఒకటేనా?

కాదు. న అనే అక్షరానికి యూనికోడ్ 0సీ28 అనే నంబరు ఇచ్చింది. ఇలా నంబర్లు ఇచ్చిన అక్షరాల జాబితా క్యారెక్టర్ సెట్. ఆ నంబరును డిస్కు మీద ఏ బైట్లుగా రాయాలో చెప్పేది ఎన్‌కోడింగ్. యూటీఎఫ్-8లో న అంటే ఈ0, బీ0, ఏ8 అనే మూడు బైట్లు. కొలేషన్‌కు రాతతో పని లేదు, దాని పని పోలిక. రెండు పేర్లు సమానమా, కాకపోతే ఏది ముందు అన్నది అది తేలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ మొదటి రెండింటినీ కలిపి క్యారెక్టర్ సెట్ అనే పిలుస్తుంది. కొత్తవాళ్ల గందరగోళం చాలావరకు అక్కడే మొదలవుతుంది.

మరి ఆ రెండింటికీ సంబంధం ఏమిటి? కొలేషన్ పేరు ముందు ఎన్‌కోడింగ్ పేరు ఎందుకు ఉంటుంది?

కొలేషన్ పోల్చేది బైట్లను కాదు, అక్షరాలను. బైట్లు అక్షరాలుగా మారాలంటే ఎన్‌కోడింగ్ తెలియాలి. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి కొలేషన్ ఒకే ఒక్క క్యారెక్టర్ సెట్‌కు చెందుతుంది, పేరు కూడా దాంతోనే మొదలవుతుంది. ఒక క్యారెక్టర్ సెట్‌కు మాత్రం ఎన్నో కొలేషన్‌లు ఉండొచ్చు. దీన్నుంచి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కొలేషన్ ఒక్కటే మార్చితే రాసిన బైట్లు మారవు, కాబట్టి చెడిన అక్షరాలు బాగుపడవు. ఎన్‌కోడింగ్ తప్పుగా ఉంటే ఎంత మంచి కొలేషన్ పెట్టినా అది పోల్చేది చెత్తనే.

అక్షరం ఒక్కటే కదా, మూడు బైట్లు ఎందుకు?

యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు. ఆ నంబర్లు యూటీఎఫ్-8లో మూడు బైట్ల పరిధిలో పడతాయి. అదీగాక మన కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరం లోపల చాలాసార్లు ఒక్కటి కాదు. నెల్లూరు అన్నప్పుడు మనం చూసేది నె, ల్లూ, రు అనే మూడు అక్షరాలు. డేటాబేస్ చూసేది న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం అనే ఎనిమిది. ఎనిమిది మూళ్లు 24 బైట్లు. ఈ 8, 24 అంకెలు గుర్తుంచుకోండి. ఏ టేబుల్‌లో అయినా డేటా క్షేమంగా ఉందో లేదో చెప్పడానికి ఇవి చాలు.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పెట్టాను. యూటీఎఫ్8ఎంబీ4 తప్పనిసరా?

తప్పనిసరి అనే అంటాను. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అన్న పాత పేరుకు అర్థం అక్షరానికి మూడు బైట్ల వరకే. తెలుగు అందులో పట్టేస్తుంది కాబట్టి మొదట్లో తేడా తెలియదు. ఎవరైనా పేరు పక్కన ఎమోజీ పెడితే దానికి నాలుగు బైట్లు కావాలి. అప్పుడు ఆ వరుస ఎక్కదు, లేదా ఎమోజీ దగ్గర నుంచి మిగతా వాక్యం తెగిపోతుంది. నాలుగు బైట్ల దాకా పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అనేది 5.5.3 వెర్షన్ నుంచే ఉంది, 8.0లో అదే డీఫాల్ట్. తెలుగుకు మూడు బైట్లే పడుతుంది కాబట్టి నిల్వలో అదనపు భారం ఏమీ లేదు.

## డేటాబేస్ సృష్టించేటప్పుడు

మైఎస్‌క్యూఎల్‌లో తెలుగుకు ఏ కొలేషన్ పెట్టాలి?

మైఎస్‌క్యూఎల్ 8.0లో తెలుగుకంటూ ప్రత్యేక కొలేషన్ లేదు. ఉన్నవాటిలోనే ఎంచుకోవాలి. డీఫాల్ట్‌గా వచ్చేది యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ. ఇందులో 0900 అంటే యూనికోడ్ కొలేషన్ పద్ధతి 9.0.0 వెర్షన్, ఏఐ అంటే అక్షరం మీది గుర్తులను పట్టించుకోదని, సీఐ అంటే ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదని.

మనకు చిక్కు ఆ ఏఐ దగ్గరే. యూనికోడ్ మూల పట్టికలో సున్నాకు పూర్తి అక్షరం హోదా లేదు, అదొక గుర్తు కింద లెక్క. గుర్తులను వదిలేసే కొలేషన్‌లో నది, నంది ఒకటే అయిపోతాయి. పది, పంది కూడా అంతే. ఫ్రెంచి అక్షరం మీది గీత తీసేస్తే చదివేవాడికి అర్థమవుతుంది. తెలుగులో సున్నా తీసేస్తే అసలు మాటే మారిపోతుంది. సున్నా ఉన్న పేరు లేని వీధి ఉండదు: వెంకయ్య, గంగమ్మ, రంగారెడ్డి.

అందుకని పేర్లు, ఊళ్లు ఉండే కాలమ్‌లకు యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఎస్_సీఐ పెట్టమని చెబుతాను. గుర్తులను చూస్తుంది, ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల పట్టింపు ఉండదు. ఏది ఎంచుకున్నా టేబుల్ కట్టే ముందు మీ సర్వర్‌లో నది, నంది సమానమా అని ఒక సెలెక్ట్ కొట్టి చూడండి. 1 వస్తే ఆ కొలేషన్ పేర్లకు పనికిరాదు.

యూటీఎఫ్8ఎంబీ4_జనరల్_సీఐ అనే పాత కొలేషన్ వేగంగా ఉంటుందని అంటారు. అదే పెట్టేస్తే?

పాత సర్వర్ల రోజుల మాట అది. జనరల్_సీఐ అక్షరాలను ఒక్కొక్కటిగా సాదాసీదాగా పోలుస్తుంది. తెలుగు అక్షరాలను దాదాపు యూనికోడ్ నంబర్ల వరసలోనే చూస్తుంది కాబట్టి నది, నంది వేరుగానే ఉంటాయి, ఆ మేరకు మంచిదే. కానీ నాలుగు బైట్ల ఎమోజీలన్నీ దానికి ఒక్కటే. ఫోన్‌లో కొట్టిన పేర్లలో కనిపించకుండా దూరే గుర్తులను కూడా తేడాగా చూస్తుంది. కొత్త డేటాబేస్‌కు దీన్ని ఎంచుకోవడానికి ఈ రోజు కారణం కనిపించదు.

పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాం. అక్కడ కూడా ఇంతేనా?

అక్కడ అమరిక వేరు. ఎన్‌కోడింగ్ మొత్తం డేటాబేస్‌కు ఒక్కటే, కాలమ్‌కొకటి పెట్టడం కుదరదు. యూటీఎఫ్8 అంటే అక్కడ నాలుగు బైట్ల దాకా పూర్తిదే. కొలేషన్ మాత్రం కాలమ్‌కు వేరుగా, చివరికి క్వెరీకి వేరుగా కూడా ఇవ్వొచ్చు.

తెలుగువాళ్లకు అక్కడ ఒక పెద్ద సౌకర్యం ఉంది. 10వ వెర్షన్ నుంచి ఐసీయూ (యూనికోడ్ నియమాలున్న ఒక లైబ్రరీ) కొలేషన్‌లు వచ్చాయి, వాటిలో టీఈ-ఎక్స్-ఐసీయూ అనేది తెలుగుకే ఉద్దేశించింది. అందులో అరసున్నా, సున్నా, విసర్గ మూడూ ఔ తర్వాత, క కంటే ముందు వస్తాయి. బళ్లో నేర్చుకున్న వరస అదే కదా. 15వ వెర్షన్ నుంచి డేటాబేస్ మొత్తానికీ ఐసీయూను డీఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు. కొత్త డేటాబేస్‌కు సర్వర్‌లో ఉన్నదానికి భిన్నమైన ఎన్‌కోడింగ్ లేదా లొకేల్ కావాలంటే టెంప్లేట్0 అనే ఖాళీ నమూనా నుంచి సృష్టించాలి. ఇంకో భరోసా ఏమిటంటే, పోస్ట్‌గ్రెస్ మామూలు కొలేషన్‌లలో బైట్లు వేరైతే మాటలు వేరే. నది, నంది అక్కడ ఎప్పటికీ కలవవు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో నెల్లూరు అని ఇస్తే ఎనిమిది ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఎందుకు?

కాలమ్ యూనికోడ్ దాచే ఎన్‌వార్‌క్యార్ రకం కాకుండా మామూలు వార్‌క్యార్ అయి ఉంటుంది, లేదా ఇన్సర్ట్‌లో కొటేషన్ ముందు ఎన్ అన్న అక్షరం పెట్టి ఉండరు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌క్యార్ ఎన్‌కోడింగ్‌ను నిర్ణయించేది కొలేషనే. మామూలు ఇంగ్లిష్ కొలేషన్ ఉంటే అందులో తెలుగుకు చోటు లేదు, ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం పెడుతుంది. కాలమ్ ఎన్‌వార్‌క్యార్ అయినా కొటేషన్ ముందు ఎన్ మర్చిపోతే అక్షరాలు దారిలోనే పోతాయి. 2019 వెర్షన్ నుంచి పేరు చివర యూటీఎఫ్8 ఉన్న కొలేషన్‌లు వచ్చాయి. వాటితో వార్‌క్యార్‌లోనే తెలుగు దాచవచ్చు. కానీ అప్పుడు కాలమ్ సైజును బైట్లలో లెక్కపెడుతుంది, ఆ సంగతి మరవకండి.

మొబైల్ యాప్‌లో ఎస్‌క్యూలైట్ ఉంది. అక్కడ ఏం చేయాలి?

పెద్దగా చేయాల్సింది లేదు. నిల్వ యూనికోడ్‌లోనే. దాంతో వచ్చే కొలేషన్‌లు మూడు: బైనరీ, నోకేస్, ఆర్‌ట్రిమ్. నోకేస్‌కు 26 ఇంగ్లిష్ అక్షరాల తేడాలే తెలుసు, తెలుగు మీద ప్రభావం లేదు. ఆండ్రాయిడ్ అదనంగా లోకలైజ్డ్, యూనికోడ్ అనే రెండు ఇస్తుంది.

కాలమ్ సైజు ఎంత పెట్టాలి? పేరు చిన్నదే, అయినా పట్టడం లేదంటోంది.

సైజు అంటే ఏమిటో ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో అర్థం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ యూనికోడ్ అక్షరాలను లెక్కపెడతాయి. ఒరాకిల్ వార్‌క్యార్2 మామూలుగా బైట్లను లెక్కపెడుతుంది, క్యార్ అని చెబితేనే అక్షరాలు.

రైస్ మిల్లు బిల్లులో మొలగొలుకులు అని రకం పేరు వేయాలనుకోండి. కంటికి ఆరు అక్షరాలు. లోపల 11. బైట్లలో 33. ఒరాకిల్‌లో 30 అని పెట్టిన కాలమ్‌లో ఈ ఒక్క మాటే పట్టదు. మైఎస్‌క్యూఎల్‌లో 30 అంటే ఇంకా 19 అక్షరాలకు చోటుంటుంది. ఇంగ్లిష్ పేరుకు 50 చాలనిపిస్తే తెలుగుకు 100 పెట్టండి. వార్‌క్యార్‌లో వాడని చోటుకు డిస్కు మీద ఖర్చు ఉండదు.

పిన్‌కోడ్, ఫోన్ నంబర్ కాలమ్‌లకు కూడా ఇదే కొలేషన్ కావాలా?

అక్కర్లేదు. 524001, 523001 లాంటివాటిలో అంకెలు తప్ప ఏమీ ఉండవు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ కాలమ్‌కు ఆస్కీ క్యారెక్టర్ సెట్, బైనరీ కొలేషన్ పెట్టుకోవచ్చు. అయితే ఆ కాలమ్‌తో వేరే టేబుల్‌ను కలుపుతుంటే రెండు వైపులా ఒకే అమరిక ఉండాలి. వచనపు కాలమ్‌ల మీద ఫారిన్ కీ పెట్టాలంటే క్యారెక్టర్ సెట్, కొలేషన్ రెండూ కలవాల్సిందే.

## డేటా ఎక్కించేటప్పుడు

ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ తీసి ఎక్కిస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలు. డేటాబేస్ తప్పా?

డేటాబేస్ దాకా రాకముందే పోయింది. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే విండోస్ పాత కోడ్‌పేజీలో రాస్తుంది, అందులో తెలుగు లేదు. సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే రకాన్ని ఎంచుకోవాలి. అలా చేస్తే ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు బైట్లు చేరతాయి. కొన్ని ఇంపోర్ట్ పద్ధతులు వాటిని మొదటి కాలమ్ పేరుకు అతికించేస్తాయి. అన్ని కాలమ్‌లూ సరిగ్గా వచ్చి మొదటి కాలమ్ ఒక్కటే లేదంటోందంటే కారణం ఇదే.

లోడ్ డేటాతో ఎక్కించేటప్పుడు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఆజ్ఞలోనే చెప్పండి. చెప్పకపోతే డేటాబేస్ డీఫాల్ట్ ఏదుంటే దాని ప్రకారం ఫైలును చదువుతుంది.

డీటీపీ షాపులో అను ఫాంట్‌లో కొట్టించిన జాబితా ఉంది. ఏ కొలేషన్ పెడితే తెలుగులో కనిపిస్తుంది?

ఏదీ పనిచేయదు. పత్రికలు, కరపత్రాలు, పెళ్లి కార్డుల కోసం ఏళ్ల తరబడి వాడిన ఆ ఫాంట్లలో తెలుగు కనిపించేది ఫాంటు పెట్టినంత సేపే. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. డేటాబేస్‌కు అది తెలుగని తెలిసే మార్గమే లేదు. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, వట్రసుడులు ఉన్న పేర్లను మనిషి కూర్చుని చూసుకోవాలి, తప్పులు ఎక్కువగా అక్కడే వస్తాయి. ఆ తర్వాతే టేబుల్‌లోకి.

టేబుల్ అంతా యూటీఎఫ్8ఎంబీ4. అయినా వెబ్ పేజీ నుంచి వచ్చిన పేర్లు చెడిపోతున్నాయి.

టేబుల్ ఒక్కటే సరిగ్గా ఉంటే సరిపోదు, ప్రోగ్రామ్‌కూ సర్వర్‌కూ మధ్య కనెక్షన్‌కు కూడా ఎన్‌కోడింగ్ ఉంటుంది. సెట్ నేమ్స్ యూటీఎఫ్8ఎంబీ4 అనే ఆజ్ఞ మూడింటిని ఒకేసారి సరిచేస్తుంది: క్లయింట్ పంపేది, మధ్యలో పోల్చేది, తిరిగి వచ్చేది. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ వాడితే సెట్_క్యార్‌సెట్ అనే ఫంక్షన్‌తోనే పెట్టండి, అదే సురక్షితం. వెబ్ పేజీ మొదట్లో కూడా యూటీఎఫ్-8 అని ప్రకటించాలి. ప్రస్తుతం ఏముందో తెలియాలంటే షో వేరియబుల్స్‌లో క్యారెక్టర్_సెట్‌తో మొదలయ్యేవి చూడండి. తెలుగుకు చోటు లేని పాత ఎన్‌కోడింగ్ లాటిన్1 పేరు ఎక్కడ కనిపించినా అక్కడ ఆగండి.

ఫోన్‌లో కొట్టిన పేరు, కంప్యూటర్‌లో కొట్టిన పేరు చూడ్డానికి ఒకటే. వెతికితే ఒకటే వస్తోంది.

మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఉండి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా 200సీ అనే నంబరు గుర్తు పెడతారు. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. మైఎస్‌క్యూఎల్ 0900 రకంలో బైనరీ కానివి ఈ గుర్తును లెక్కలోకి తీసుకోవు కాబట్టి రెండూ సమానమే. బైనరీ, జనరల్_సీఐ కొలేషన్‌లలో, పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో ఇవి వేరు.

ఐత్వంతో ఇంకో చిక్కు. దాన్ని ఒకే నంబరుగా రాయొచ్చు, ఎత్వం, కింది గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయొచ్చు. డేటా లోపలికి వచ్చేటప్పుడే ప్రోగ్రామ్‌లో ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ముక్కలను ఒకే రూపంలోకి కలపడం) చేసేస్తే ఆ తేడా పోతుంది. 200సీని మాత్రం అది తీయదు, వెతకడానికి విడిగా ఉంచే కాలమ్‌లో మీరే తీసేయాలి. చూపించే పేరులో మాత్రం ఉండనివ్వండి, తీస్తే రాత మారిపోతుంది.

## వెతికేటప్పుడు, వరసలో పెట్టేటప్పుడు

కనిగిరి ముందు, కంభం తర్వాత వస్తోంది. నిఘంటువులో సున్నా ముందు కదా?

మీరన్నదే సరి. సున్నాను గుర్తుగా చూసే కొలేషన్‌లో కంభం అనే మాటకు మొదటి విడతలో కభ అని విలువ కడతారు. న తర్వాత భ వస్తుంది కాబట్టి కనిగిరి ముందుకు పోతుంది. ఏఎస్ రకం పెట్టినా ఇది మారదు. అది సమానమా కాదా అన్నదాన్ని సరిచేస్తుంది కానీ వరసలో గుర్తుల వంతు అక్షరాల తర్వాతే.

మైఎస్‌క్యూఎల్‌లో దీనికి సులువైన మందు ఆర్డర్ బైలో యూటీఎఫ్8ఎంబీ4_0900_బిన్ అని కోలేట్ ఇవ్వడం. యూనికోడ్‌లో సున్నా నంబరు 0సీ02, అన్ని అచ్చులు, హల్లుల కంటే ముందు. హల్లుల తర్వాత గుణింతపు గుర్తులు వస్తాయి. కాబట్టి నంబర్ల వరసలో పెడితే కంభం, కనిగిరి, కావలి, కొండపి అని చక్కగా నిఘంటువు వరసే వస్తుంది. బైనరీ అనగానే మొరటు పద్ధతి అనుకుంటారు గానీ తెలుగు జాబితాకు మైఎస్‌క్యూఎల్‌లో ఇంతకంటే మంచి వరస నాకు కనిపించలేదు. పోస్ట్‌గ్రెస్‌లో అయితే టీఈ-ఎక్స్-ఐసీయూ ఇస్తే చాలు.

క్ష, ళ అక్షరాలు వర్ణమాల చివర రావాలి కదా?

యూనికోడ్‌లో క్ష విడి అక్షరం కాదు, క, పొల్లు, ష కలిసిన మూడు నంబర్లు. అందుకే క గుంపులోనే వస్తుంది. ళ నంబరు ల పక్కనే ఉంది కాబట్టి వ కంటే ముందు వస్తుంది. బడి రిజిస్టరు వరసే కావాలని పట్టుబడితే వరస సంఖ్యకు విడి కాలమ్ పెట్టుకోవాలి. చాలా జాబితాలకు అంత అవసరం పడదు.

కోవూరు అని వెతికితే కొవ్వూరు కూడా రావాలి. ఏ కొలేషన్?

రాకూడదు. కోవూరు నెల్లూరు పక్కన, కొవ్వూరు గోదావరి గట్టున. వాటిని కలిపే కొలేషన్ ఉంటే అది ప్రమాదం. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరులు లాంటి రాతభేదాలు కూడా కొలేషన్ పరిధిలోకి రావు. అది వినికిడి పోలిక, దానికి విడిగా ప్రోగ్రామ్ రాయాలి, లేదా ఊరి పేర్లను ఒక జాబితా నుంచి ఎంచుకునేలా చేయాలి. రెండో మార్గం ఎప్పుడూ మేలు.

న తో మొదలయ్యే పేర్లు అడిగితే నా, ని, నె అన్నీ వస్తున్నాయి.

గుణింతపు గుర్తు న తర్వాత విడి నంబరుగా ఉంటుంది కాబట్టి లైక్ అనే వెతుకులాట ఆజ్ఞకు అవన్నీ న తో మొదలైనట్టే. నెల అని ఇస్తే నెల్లూరు కూడా వస్తుంది, ల్లలో మొదటిది ల నే. చాలామందికి ఇదే కావాలి. ఉత్త న మాత్రమే కావాలంటే తర్వాతి గుర్తు గుణింతమో పొల్లో కాకూడదని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చెప్పాలి.

క్వెరీలో కోలేట్ పెడితే నెమ్మదిస్తోంది.

ఇండెక్స్ కాలమ్ కొలేషన్ వరసలోనే కట్టి ఉంటుంది. క్వెరీలో వేరే కొలేషన్ అడిగితే ఆ ఇండెక్స్ ఉపయోగపడదు, మొత్తం మళ్లీ సర్దాలి. కొన్ని వేల వరుసలకు తేడా తెలియదు. లక్షల్లో ఉంటే ఆ కొలేషన్‌తోనే ఇంకో కాలమ్ పెట్టి దానికి ఇండెక్స్ కట్టండి.

## తప్పు కనిపించినప్పుడు

తెలుగు బదులు ఏదేదో కనిపిస్తోంది. డేటా పోయిందా, ఉందా?

ముందు ఏం కనిపిస్తోందో జాగ్రత్తగా చూడండి.

డబ్బాలు కనిపిస్తే డేటా క్షేమం. ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు లేదంతే. ఒత్తులు విడిపోయి పక్కన పడితే రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు కూర్పు రాదని అర్థం, డేటాబేస్‌ను ముట్టుకోకండి.

నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన ° గానీ ± గానీ పదే పదే కనిపిస్తే యూటీఎఫ్-8 బైట్లను లాటిన్1గా చదువుతున్నారు. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఈ0, రెండోది బీ0 లేదా బీ1. లాటిన్1లో ఆ మూడు బైట్ల రూపాలే ఇవి. బైట్లు ఉన్నాయి కాబట్టి చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే, అవి టేబుల్‌లోనే ఉంటే, పోయినట్టే. బ్యాకప్ తప్ప దారి లేదు.

ఖచ్చితంగా తేల్చుకోవాలంటే నెల్లూరు అన్న మాట ఉన్న వరుస మీద మైఎస్‌క్యూఎల్‌లో క్యార్_లెంగ్త్, లెంగ్త్ రెండూ అడగండి. 8, 24 వస్తే అంతా బాగుంది. 24, 24 వస్తే లాటిన్1 కాలమ్‌లో యూటీఎఫ్-8 బైట్లు ఉన్నాయి. మొదటిది 24, రెండోది 48 లేదా అంతకు మించి వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. 8, 8 వస్తే ఉన్నవి ప్రశ్నార్థకాలే.

లాటిన్1 కాలమ్‌లో ఇరుక్కున్న తెలుగును ఎలా బయటికి తీయాలి?

బ్యాకప్ తీసి, దాని నకలు మీద మొదలుపెట్టండి. కాలమ్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చకండి. అలా చేస్తే సర్వర్ ఆ 24 బైట్లను 24 లాటిన్ అక్షరాలనుకుని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, చిక్కు రెట్టింపు అవుతుంది. ముందు కాలమ్‌ను వార్‌బైనరీగా మార్చాలి. అప్పుడు బైట్లకు అర్థం చెప్పే పని ఆగిపోతుంది. తర్వాత వార్‌క్యార్, యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చాలి. బైట్లు కదలకుండా అర్థం మాత్రం సరవుతుంది.

రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ఉంటే వెనక్కి నడవాలి: లాటిన్1కు కన్వర్ట్, దాన్ని బైనరీ, ఆపైన యూటీఎఫ్8ఎంబీ4.

ఇదంతా డేటాబేస్ లోపలే చేయండి, చెత్త అక్షరాలను కాపీ చేసి వేరే ఎడిటర్‌లో బాగుచేయాలని చూడకండి. పొల్లు చివరి బైటు 8డీ, ఉత్వం చివరి బైటు 81. విండోస్‌లో లాటిన్1 బదులు వాడే 1252 కోడ్‌పేజీలో నిర్వచనం లేని ఐదు బైట్లలో ఈ రెండూ ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ వాటిని కాపాడుతుంది, కొన్ని పరికరాలు పారేస్తాయి. పొల్లు, ఉత్వం పోయిన తెలుగులో మిగిలేదేముంది?

ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్ అని 1267 ఎర్రర్ వస్తోంది.

రెండు వేర్వేరు కొలేషన్‌ల కాలమ్‌లను పోలుస్తున్నారు, దేని ప్రకారం పోల్చాలో సర్వర్‌కు తెలియడం లేదు. పాత టేబుళ్లు ఉన్నచోట కొత్త వెర్షన్‌లో టేబుల్ కట్టినప్పుడు ఇది మామూలే. అప్పటికప్పుడు క్వెరీలో ఒక వైపు కోలేట్ ఇస్తే పని జరుగుతుంది. శాశ్వతంగా రెండు కాలమ్‌లనూ ఒకే కొలేషన్‌కు తేవాలి.

రెండు వేర్వేరు పేర్లకు డూప్లికేట్ ఎంట్రీ అంటోంది.

యూనిక్ ఇండెక్స్ కూడా కొలేషన్ కళ్లతోనే చూస్తుంది. ఏఐ కొలేషన్ అయితే సున్నా ఒక్కటే తేడా ఉన్న రెండు పేర్లు దానికి ఒకటి. ఏఎస్ రకానికి మార్చండి. చివర ఖాళీ స్పేసుల తేడా మాత్రమే ఉంటే పాత కొలేషన్‌లు సమానమంటాయి, 0900 రకాలు వేరంటాయి.

## మార్చేటప్పుడు, తరలించేటప్పుడు

ఆల్టర్ డేటాబేస్‌తో మార్చాను. కాలమ్‌లు పాతవాటిలాగే ఉన్నాయి.

అది కొత్తగా కట్టే టేబుళ్ల డీఫాల్ట్‌నే మారుస్తుంది. ఉన్న కాలమ్‌లు మారాలంటే ఒక్కో టేబుల్ మీద ఆల్టర్ టేబుల్, కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ ఇవ్వాలి. అందులో కొలేషన్ పేరు కూడా రాయండి, లేకపోతే డీఫాల్ట్ ఏఐ వచ్చి కూర్చుంటుంది. కన్వర్ట్ టు కొన్నిసార్లు టెక్స్ట్ కాలమ్‌ను మీడియంటెక్స్ట్ చేస్తుంది, కంగారుపడకండి.

అన్‌నోన్ కొలేషన్ 0900_ఏఐ_సీఐ అంటూ హోస్టింగ్‌లో ఇంపోర్ట్ ఆగిపోయింది.

మీ దగ్గర మైఎస్‌క్యూఎల్ 8, అక్కడ 5.7 లేదా పాత మరియాడీబీ. డంప్ (డేటాబేస్ నకలు) ఫైలులో ఆ పేరును యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐగా మార్చి ఎక్కించవచ్చు. క్యారెక్టర్ సెట్ మారడం లేదు కాబట్టి అక్షరాలు చెడవు, పోలికలు మారవచ్చు. పేర్ల మీద యూనిక్ ఉంటే ముందు చూసుకోండి.

విండోస్ పవర్‌షెల్‌లో తీసిన డంప్ ఎక్కడం లేదు.

బాణం గుర్తుతో ఫైలులోకి పంపితే పాత పవర్‌షెల్ దాన్ని యూటీఎఫ్-16లో రాస్తుంది. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు రిజల్ట్-ఫైల్ అనే ఆప్షన్ ఉంది, ఫైలు పేరు దానికివ్వండి.

ఇండెక్స్ 767 బైట్లు దాటిందంటోంది.

మైఎస్‌క్యూఎల్ నిల్వ ఇంజిన్ ఇన్నోడీబీ పాత వరుస రూపాల హద్దు అది. అక్షరానికి నాలుగేసి బైట్ల లెక్కన 191 అక్షరాలే పడతాయి. డైనమిక్ వరుస రూపంలో హద్దు 3072 బైట్లు, 5.7 నుంచి అదే డీఫాల్ట్.

లైనక్స్ అప్‌గ్రేడ్ చేశాక పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న పేరే దొరకడం లేదు.

పోస్ట్‌గ్రెస్ వరస నియమాలను ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకుంటున్నప్పుడు, ఆ నియమాలు మారితే పాత ఇండెక్స్ తప్పుదారి చూపిస్తుంది. 2018లో వచ్చిన లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో వరసలు బాగా మారాయి, ఎన్నో చోట్ల ఇండెక్స్‌లు చెడ్డాయి. డేటా అలాగే ఉంటుంది. వచనపు కాలమ్‌ల ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేయండి. యూనిక్ ఉన్నచోట ఈలోగా డూప్లికేట్లు దూరి ఉండవచ్చు, అవి ముందు తీయాలి.

మార్పిడి సరిగ్గా జరిగిందని ఎలా నమ్మాలి?

ప్రతి టేబుల్‌లో వరుసల సంఖ్య ముందూ వెనకా ఒకటే ఉండాలి. ప్రశ్నార్థకం ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టండి, ఆ సంఖ్య పెరగకూడదు. ఆపైన సున్నా, పొల్లు, ఉత్వం, ఐ, ఏ, ఝ ఉన్న పేర్లను ఏరి కంటితో చదవండి, చెడితే ముందు చెడేవి అవే. ఊళ్ల జాబితాను వరసలో పెట్టి కంభం, కనిగిరి ఎక్కడున్నాయో చూడండి. పాత బ్యాకప్‌ను మాత్రం, కొత్త డేటాబేస్ నుంచి ఒక నెల జీతాల బిల్లో, ఒక పరీక్ష ఫీజుల జాబితానో తీసి, ఆ పేర్లున్న వాళ్ల చేతే చదివించేదాకా చెరపకండి.